ముందు పెసలు నానబెట్టు

చిన్నీ,

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) స్కూల్లో నాలుగేళ్ల పిల్లల క్లాసు నీకిచ్చారని మీ అమ్మ చెప్పింది. ట్రైనింగ్‌లో ఇచ్చిన కాగితాలు చదివి టెన్షన్ పడుతున్నావట కదా. సెంట్రల్ ఐడియా, లైన్స్ ఆఫ్ ఎంక్వైరీ, ప్రొవొకేషన్ లాంటి మాటలకి భయపడకు, వాడుతుంటే అవే అలవాటవుతాయి. పీవైపీ, అంటే ఐబీ వాళ్ల ప్రైమరీ ప్రోగ్రాం, 1997 నుంచి ఉంది. మూడేళ్ల పిల్లల నుంచి పన్నెండేళ్ల వాళ్ల దాకా అందరికీ అవే ఆరు థీమ్‌లు. పెద్ద క్లాసులు ఏడాదిలో ఆరూ చేయాలి, నీ పిల్లలకి నాలుగు యూనిట్లు చేసినా సరిపోతుంది. ఆ వెసులుబాటు వాడుకో. ఎవరో మెచ్చుకుంటారని ఐదోది ఇరికించకు.

నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. పిల్లలు తప్పు చెప్పినప్పుడు వెంటనే దిద్దకు, ఆ తప్పుతోనే పాఠం నడుపు.

ఆ ఆరు థీమ్‌లలో ఒకటైన 'షేరింగ్ ద ప్లానెట్' కింద మొక్కల యూనిట్ వస్తుందనుకో. బల్ల మీద పెసలు, మెంతులు, చింతగింజలు, నాలుగు గులకరాళ్లు కలిపి పోసి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చో. ముట్టుకుంటారు, వాసన చూస్తారు, ఒకడు నోట్లో పెట్టుకుంటాడు (ముక్కులో పెట్టుకోకుండా చూడు). కాసేపటికి ఎవరో ఒకరు "ఎండ లేకపోతే గింజ మొలవదు" అంటారు. నీ నాలుక దురద పెడుతుంది. ఆపుకో. "మరి ఎలా చూద్దాం?" అని మాత్రం అడుగు. నానిన పెసలు రెండు కప్పుల్లో వేయించి, ఒకటి కిటికీ దగ్గర, ఒకటి బీరువాలో పెట్టించు. బీరువాలో కప్పుకి నీళ్లు ఎవరు పోస్తారో కూడా వాళ్లనే తేల్చుకోమను. రెండింటికీ నీళ్లు సమానంగా ఉండాలన్న సంగతి వాళ్లకి తట్టేది అక్కడే.

నానిన పెసలు రెండు చోట్లా మొలుస్తాయి. వారం తర్వాత బీరువా తలుపు తీస్తే మొలకలు పసుప్పచ్చగా, సన్నగా, కిటికీ దగ్గరివాటి కన్నా పొడుగ్గా ఉంటాయి. అప్పుడు క్లాసంతా ఒకేసారి మాట్లాడుతుంది. "మా నానమ్మ గుడ్డలో మూట కడుతుంది, అక్కడా ఎండ ఉండదు" అని ఒక పిల్ల అంటుంది. ఆ పిల్లనే పూర్తిగా చెప్పనివ్వు. మొలవడానికి ఎండ అక్కర్లేకపోతే మరి ఎండ దేనికి? తర్వాతి రెండు వారాల పని ఆ ప్రశ్నే. చింతగింజ పైతోలు గట్టిది, త్వరగా మొలవదు. "ఇది చచ్చిపోయిందా?" అని అడుగుతారు. అంతకన్నా మంచి ప్రశ్న ప్లానర్‌లో నువ్వూ రాయలేవు, నేనూ రాయలేను.

ప్రశ్న అడిగాక ఆగడం నేర్చుకో. టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయనీ మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే తేల్చింది. మనసులో మూడు అంకెలు లెక్కపెట్టు. మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది.

అక్షరాలు, అంకెలు మాత్రం ఎంక్వైరీకి, అంటే పిల్లలే అడిగి వెతికి తెలుసుకోవడానికి, వదిలేయకు. వాటికి రోజూ కాసేపు విడిగా కేటాయించు, పీవైపీ దానికేం అడ్డు చెప్పదు. అన్నీ పిల్లలే కనుక్కుంటారని చేతులు కట్టుకుని కూర్చునే టీచర్లంటే నాకు చిరాకు.

పిల్లలు తెలుగులో చెప్పింది తెలుగులోనే, ఉర్దూలో చెప్పింది ఉర్దూలోనే, తేదీ వేసి గోడ మీద పెట్టు. ఉర్దూ నీకు రాయడం రాకపోతే వాళ్ల అమ్మతో రాయించు. ఇంగ్లిష్‌లోకి మార్చి అందంగా దిద్దితే అది నీ మాటవుతుంది. "నోట్‌బుక్ ఖాళీగా ఉందేంటి మేడం?" అని తల్లిదండ్రులు అడగడం ఖాయం. వాళ్లని ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లి, వాళ్ల బిడ్డ మొదటి వారం ఏమన్నాడో, నాలుగో వారం ఏమన్నాడో చదివి వినిపించు. ఐబీ గురించి ఉపన్యాసం మొదలుపెట్టావో, ఫీజుల దగ్గర తేలతారు.

ఇంకో సంగతి. బీరువాలో కప్పులు పెట్టిన రోజే ఆయమ్మకి చెప్పు, వీలైతే ఆమెనీ ఒక కప్పు పెట్టమను. చెప్పకపోతే శనివారం క్లీనింగ్‌లో మొలకలన్నీ చెత్తబుట్టలోకి పోతాయి, సోమవారం ఆ ఏడుపులు ఆపడం నీ వల్ల కాదు.

ప్రేమతో,
పెద్దమ్మ