స్కానర్ ఉండగా కోడ్‌లు బట్టీ పట్టడం దేనికి?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. సాయంత్రాలు ఒక పెద్ద రిటైల్ స్టోర్‌లో పార్ట్‌టైమ్‌గా చేరింది. పని ముందు షోరూమ్‌లో కూడా కాదు, వెనక స్టాక్ రూమ్‌లో. ఇంటికొచ్చాక డిపార్ట్‌మెంట్ కోడ్‌లు, అంటే ఏ విభాగం సరుకుకు ఏ నంబరో, బట్టీ పడుతూ కూర్చుంటోంది. ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం, అద్దానికి ఇంకో కాగితం. 60కి పైగా ఉన్నాయట. చేతికి స్కానర్ ఇస్తారు కదా, మరి ఇదంతా ఎందుకు? ఆ టైమ్ డేటా అనలిటిక్స్ కోర్సుకి పెడితే భవిష్యత్తు ఉంటుందని నా ఉద్దేశం. ఫీజు కట్టడానికి ఈ శుక్రవారం ఆఖరు. బంధువులు అడిగితే ఇంటర్న్‌షిప్ అని చెబుతున్నాం. రెండింట్లో ఏది మేలో పోల్చి చెప్పగలరు. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నా కన్ను ముందు ఆగింది "ఇంటర్న్‌షిప్ అని చెబుతున్నాం" అన్న చోట. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఒకరి అబ్బాయి డెలివరీలో ఉంటాడు, ఒకరి అమ్మాయి బిల్లింగ్ కౌంటర్‌లో ఉంటుంది. పైకి అడిగేది ఏదైనా లోపలి భయం ఒకటే: మా పిల్ల అక్కడే ఉండిపోతుందేమో. అదే నేరుగా అడగొచ్చు, తప్పేం లేదు. ముందు దానికే జవాబు చెప్తాను. టెన్షన్ పడకండి. ఎప్పుడు వదిలేద్దామా అనుకునే పని కోసం ఎవరూ అద్దానికి కాగితం అంటించుకోరు.

ఇక స్కానర్ సంగతి. లోడ్ వచ్చిన రోజు స్టాక్ రూమ్ తలుపు దగ్గర పది నిమిషాలు నిలబడితే మీ సందేహం అక్కడే తీరిపోతుంది. లారీలోంచి కార్టన్లు ఒకదాని వెనక ఒకటి దిగుతుంటాయి. ప్రతిదాని మీదా ఒక లేబుల్, అందులో ఎక్కడో డిపార్ట్‌మెంట్ నంబరు. అది చూసి, ఏ ట్రాలీ మీదికి వెళ్లాల్సిన పెట్టె ఆ ట్రాలీ మీద పెట్టాలి. కోడ్ వచ్చినవాళ్లు నడుస్తూనే చదువుతారు, నడుస్తూనే పెట్టేస్తారు. రానివాళ్లు పెట్టె కింద దించి, స్కానర్ చేతికి తీసుకుని, లేబుల్ వెతికి, బీప్ అనిపించి, తెర మీద పేరు చదివి, స్కానర్ పక్కన తగిలించి, మళ్లీ వంగి పెట్టె ఎత్తాలి. పెట్టెకు పది సెకన్లు పోయాయనుకున్నా 300 పెట్టెలకు 50 నిమిషాలు. ఒకే పెట్టెకు రెండుసార్లు వంగిన నడుము లెక్క ఇందులో వేయలేదు.

సరుకుల మీద గీతలతో ఉండే యూపీసీ రకం బార్‌కోడ్‌ను కౌంటర్ దగ్గర మొదటిసారి స్కాన్ చేసింది 1974 జూన్ 26న, అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో. వస్తువు ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్. 50 ఏళ్లు దాటింది. అప్పటినుంచీ మెషీన్ వస్తువును గుర్తుపడుతూనే ఉంది. గుర్తుపట్టాక దాన్ని మోసుకెళ్లి సరైన ర్యాకులో పెట్టేది మాత్రం ఇప్పటికీ చాలా స్టోర్లలో మనిషే.

ఇంకో తేడా కూడా ఉంది, చాలామంది పట్టించుకోరు. బార్‌కోడ్ కింద కనిపించే 13 అంకెల్లో చివరిది కాపలా అంకె, చెక్ డిజిట్ అంటారు. ముందున్న 12 అంకెలను వరసగా ఒకదాన్ని 1తో, తర్వాతి దాన్ని 3తో గుణించుకుంటూ పోయి మొత్తం కూడతారు. ఆ మొత్తం పైనున్న పదుల సంఖ్యకు చేరాలంటే ఎంత తక్కువైందో అదే చివరి అంకె. మధ్యలో ఒక్క అంకె తప్పు పడినా లెక్క కుదరదు, మెషీన్ తీసుకోదు. రెండంకెల డిపార్ట్‌మెంట్ కోడ్‌కి ఈ కాపలా ఎక్కడిది? 36ని 63 అనుకుంటే ఆపేవాళ్లు లేరు.

ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. చదువుకునే రోజుల్లో నేనూ ఎనిమిది నెలలు ఒక స్టోర్ వెనక గదిలో పనిచేశాను. అక్కడ 36 పిల్లల చెప్పులు, 63 దుప్పట్లు. మొదటి వారంలోనే లిస్టంతా పద్యంలా అప్పజెప్పేవాణ్ని. ఎదురుగా పెట్టె మీద 63 ఒక్కటే కనిపిస్తే మాత్రం మొదటినుంచి లెక్కపెట్టుకుంటూ రావాల్సిందే. ఒక శనివారం హడావుడిలో 11 దుప్పట్ల పెట్టెలు తీసుకెళ్లి చెప్పుల ర్యాకు పై అరకెక్కించాను. రెండు రోజులపాటు సిస్టమ్‌లో దుప్పట్లు ఉన్నాయి, స్టోర్లో లేవు. సూపర్‌వైజర్ ఒక్క మాట అనలేదు. నిచ్చెన తెచ్చి నా ముందు పెట్టాడు, అన్నీ నా చేతే దింపించాడు. ఆ తర్వాత 63 మరిచిపోతే ఒట్టు.

మీ అమ్మాయి కాగితాన్ని పైనుంచి కిందికి చదువుకుంటోందంటే ఆమెదీ నా దారే. ఈ మాట ఆమెకు చెప్పండి. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాసుకున్నారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే తారుమారైంది, మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. చదువుతుంటే వచ్చేసినట్టే ఉంటుంది, అదే మోసం. కాబట్టి కాగితం తీసేసి చీటీలు చేసుకోమనండి. ముందు నంబరు, వెనక పేరు. బాగా కలిపేసి ఒక్కోటీ తీయాలి. వరస చెడితేనే అసలు సంగతి బయటపడుతుంది.

60 కోడ్‌లూ ఒకే రాత్రి నేర్చుకోవాలని కూర్చోవడం కూడా దండగ. మనసు ఒకేసారి పట్టుకోగలిగేవి ఏడు, అటూ ఇటూ రెండు అని జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. 2001లో నెల్సన్ కోవన్ ఆ సంఖ్యను నాలుగు దగ్గరికి దించాడు. షిఫ్ట్‌కి నాలుగు చాలు. ఏ నాలుగు అంటారా, ఒక వారం లోడ్ దిగేటప్పుడు ఏ నంబర్లు ఎక్కువసార్లు కనపడ్డాయో చూసుకుంటే తెలుస్తుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే డిపార్ట్‌మెంట్ కోసం నిద్ర పాడు చేసుకోనక్కర్లేదు, దానికి స్కానర్ ఉంది. 36, 63 లాంటి జంటల్ని మాత్రం ఒకే రోజు నేర్చుకోవద్దనండి. ఒకటి బాగా పాతుకున్నాక రెండోది. అన్నిటికంటే తేలిక మార్గం కాళ్లతో నేర్చుకోవడం. పెట్టె చేతిలో ఉన్నప్పుడు నంబరు పైకి అని, ఆ ర్యాకు దాకా నడవాలి. అంకె చోటుతో ముడిపడితే ఊడదు.

ఇప్పుడు పోలిక. ఒక విషయం దాచకుండా చెప్పాలి: ఈ కోడ్‌లు ఈ స్టోర్ దాటితే పనికిరావు. ఇంకో కంపెనీలో 36 ఇంకేదో అవుతుంది. అంకెలు పోయినా వెనకున్న అమరిక పోదు. అమెరికాలో టార్గెట్ స్టోర్లనే తీసుకోండి. అక్కడ వస్తువుకు డీపీసీఐ అని తొమ్మిది అంకెల నంబరు ఉంటుంది. మొదటి మూడు అంకెలు డిపార్ట్‌మెంట్, తర్వాతి రెండు క్లాస్, చివరి నాలుగు వస్తువు. పేర్లు, అంకెల సంఖ్య మారినా పెద్ద గుంపు, అందులో చిన్న గుంపు, చివరికి వస్తువు అన్న ఈ మెట్ల వరస రిటైల్‌లో చాలా చోట్ల కనిపిస్తుంది. ఆర్డర్లు పెట్టేవాళ్లు, స్టాక్ లెక్కలు చూసేవాళ్లు, ఏం కొనాలో తేల్చే బయ్యర్లు రోజంతా ఈ మెట్ల మీదే పనిచేస్తారు. మీ అమ్మాయి దాన్ని చేత్తో పట్టుకుని నేర్చుకుంటోంది.

డేటా అనలిటిక్స్ గురించి నా అనుమానాలు కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే ఇందులో నా పాపమూ ఉంది. కొన్నేళ్ల క్రితం వచ్చినవాళ్లందరికీ నేనే ఆ కోర్సు చెప్పాను. ఎక్సెల్, డేటాబేస్‌లోంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్ భాష, అంకెల్ని చార్టులుగా చూపే ఒక డాష్‌బోర్డ్ టూల్ నేర్చుకుంటే గట్టెక్కుతారన్నాను. ఇప్పుడు అంత ధీమాగా అనలేను. కోర్సులో మొదట నేర్పే క్వెరీలు, అంటే డేటాను అడిగే ప్రశ్నలు, ఇవాళ ఏఐ టూల్‌కి మామూలు మాటల్లో చెబితే రాసిపెడుతోంది. కోర్సు చేసినవాళ్లందరి రెజ్యూమేల్లో అవే మూడు ప్రాజెక్టులు, అవే డేటాసెట్లు. ఇంటర్వ్యూలో "ఈ కాలమ్‌లో నెగెటివ్ స్టాక్ ఎందుకొచ్చింది?" అని, అంటే సరుకు సున్నా కంటే తక్కువ ఎందుకు చూపిస్తోందని అడిగితే నోరు పెగలదు. సాఫ్ట్‌వేర్ తప్పై ఉంటుందంటారు. స్టాక్ రూమ్ ముఖం చూసినవాళ్లయితే తడుముకోరు: పెట్టె రిసీవ్ చేసుకోకుండా అమ్మేశారేమో, ఒక రకం బదులు ఇంకో రకం స్కాన్ చేశారేమో, ఎవరో నాలాంటివాడు చెప్పుల ర్యాకులో పెడితే లెక్కలో లేదని సున్నా చేశారేమో.

ఇదేదో అరుదుగా జరిగేది అనుకోకండి. నికోల్ డిహొరేషియస్, అనంత్ రామన్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో 37 స్టోర్లలోని దాదాపు 3,70,000 స్టాక్ రికార్డులు చూశారు. 65 శాతం రికార్డుల్లో కంప్యూటర్ చెప్పిన లెక్క, అరలో ఉన్న లెక్క సరిపోలేదు. మీరు చెప్పే అనలిటిక్స్ అంతా నిలబడేది ఆ రికార్డుల మీదే. అంకెలు ఎక్కడ చెడిపోతాయో తెలిసిన మనిషికి ఆ కోర్సు తర్వాత బాగా ఉపయోగపడుతుంది. కోర్సు చెడ్డదని అనడం లేదు, మీరు తొందరపెడుతున్న తీరు నచ్చలేదు అంటున్నాను. ఆమెకు ఆసక్తి ఉందో లేదో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అడిగారా?

కొంచెం కటువుగా అంటాను, ఏమీ అనుకోకండి. చదువుకుంటూ, సాయంత్రం పెట్టెలు మోసి, ఇంటికొచ్చి రేపటి పని ఇంకా బాగా చేయాలని కూర్చున్న పిల్ల మీకు లోటుగా కనిపించింది. బంధువుల ముందు దానికి వేరే పేరు పెట్టారు. ఆ మాట ఆమె వినే ఉంటుంది, ఇళ్లలో గోడలు అంత మందంగా ఉండవు. పని గురించి ఆమె మీ దగ్గర నోరు విప్పకపోతే కారణం ఎక్కడో వెతకనక్కర్లేదు. రేపు నిజంగా అక్కడ ఇబ్బంది వస్తే, ఎవరైనా విసిగిస్తే, అప్పుడు ఎవరికి చెప్పుకుంటుంది?

మీరు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. పరీక్షలప్పుడు షిఫ్టులు తగ్గిస్తున్నారా? బరువైనవి ఇద్దరు కలిసి ఎత్తుతున్నారా? ఆరేడు నెలలు గడిచాక కూడా పెట్టెలు దించడమే తప్ప స్టాక్ కౌంటింగ్‌కి గానీ, ఆర్డరింగ్ చూసే చోటికి గానీ పంపకపోతే, సూపర్‌వైజర్‌ని తనే వెళ్లి అడగాలి. మీరు ఫోన్ చేయకండి, దయచేసి. అడిగినా కదలకపోతే మానేసి ఇంకోచోట చూసుకోవచ్చు.

ఈలోపు ఎస్‌క్యూఎల్ రుచి చూడాలని ఆమెకే అనిపిస్తే ఉచిత పాఠాలు బోలెడు ఉన్నాయి, నెల రోజులు వాటితో చూసుకుని తర్వాత ఆలోచించవచ్చు. శుక్రవారం మాత్రం ఫీజు కట్టకండి. ఆఖరు తేదీ అయిపోయిందని ఫోన్ వస్తే తర్వాతి బ్యాచ్ ఎప్పుడని అడగండి. ఆ మరుసటి వారమే అంటారు.