గురజాడ జయంతి సభ చేస్తున్న మేనకోడలికి

అమ్మలూ,

ఈసారి విజయనగరంలో గురజాడ జయంతి సభ బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. గూగుల్ ఫారమ్, లైవ్ పోల్, క్యూఆర్ కోడ్ అన్నీ పెడతానన్నావట. తప్పకుండా పెట్టు. ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకో. జవాబు చూసి నువ్వు ఏదైనా మార్చేటట్టయితేనే ఆ ప్రశ్న అడుగు. వయసు, వృత్తి, చిరునామా అంటూ పదిహేను ప్రశ్నలు వేస్తే జనం సగంలోనే మూసేస్తారు.

నన్నడిగితే ఫారమ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది: "తిరిగి వెళ్లడానికి మీరు ఏ బస్సు, ఏ రైలు అందుకోవాలి?" 2026లో సెప్టెంబర్ 21 సోమవారం వచ్చింది. టీచర్లూ పిల్లలూ బడి అయ్యాకే రాగలరు. పార్వతీపురం, బొబ్బిలి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు చీకటి పడగానే టైము చూసుకోవడం మొదలుపెడతారు. ముఖ్య వక్త మైకు అందుకునేసరికి వెనక వరసలు ఖాళీ అయిపోవడం నువ్వూ చూసే ఉంటావు. ఎంత చదువుకుని వచ్చి ఉంటారో ఆ మనిషి! ఫారమ్ జవాబులన్నీ ఒకే షీట్‌లోకి వస్తాయి కాబట్టి, ప్రసంగం ఎన్నింటికి మొదలుపెట్టాలో నీకు ముందే తెలిసిపోతుంది. సన్మానాలు తర్వాత పెట్టుకోవచ్చు. పెద్దలెవరైనా నొచ్చుకుంటే ఆ షీట్ చూపించు.

ఫారమ్ తెలుగులో ఉండాలి. ఒకరు ఒక్కసారే నింపాలన్న సెట్టింగ్ పెట్టకు. పెడితే గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వమంటుంది, పాస్‌వర్డ్ గుర్తులేని పెద్దవాళ్లు అక్కడే ఆగిపోతారు. కీప్యాడ్ ఫోన్ వాళ్లకి ఒక వాలంటీర్ ఫోన్ చేసి, అడిగి, తానే నింపాలి. ఏటా తప్పకుండా వచ్చే రిటైర్డ్ మాస్టార్లలో అలాంటివాళ్లు ఉంటారు, వాళ్లని వదులుకోకూడదు.

ఆ షీట్‌లో అందరి ఫోన్ నంబర్లూ ఉంటాయి. దాని లింక్ వాట్సాప్ గ్రూపులో వెయ్యొద్దు. పనుల పంపకానికి వేరే షీట్ తెరువు. మార్చే హక్కు నలుగురికి చాలు, మిగతావాళ్లు చూస్తే సరిపోతుంది.

సభకి ముందు గురజాడ వారి ఇల్లు చూపిస్తానన్నావు కదా. మంచి ఆలోచన. అందరినీ ఒక్కసారే తీసుకెళ్తే ఎవరికీ ఏమీ కనబడదు. అరగంటకో బ్యాచ్ అని ఫారమ్‌లోనే ఎంచుకోనివ్వు.

ప్రసంగం అయ్యాక ప్రశ్నలకి స్లైడో వాడు, అది సభలోవాళ్లు ఫోన్‌లోంచే ప్రశ్నలు పంపే వెబ్‌సైట్. డిగ్రీ పిల్లలు మైకు పట్టుకోవడానికి సిగ్గుపడతారు గానీ, ఫోన్‌లో టైపు చెయ్యమంటే అడుగుతారు, అదీ చాలా లోతుగా. ఇతరులకి నచ్చిన ప్రశ్నలు ఓట్లతో పైకి వస్తాయి, నువ్వు పైనుంచి మూడు నాలుగు చదివితే చాలు. పేరు లేకుండా అడగొచ్చు కాబట్టి, ఆమోదించాకే తెర మీద పడేలా పెట్టుకో. క్యూఆర్ కోడ్ కింద అంకెల కోడ్ కూడా పెద్దగా రాయించు. హాల్లో సిగ్నల్ ఎలా ఉందో ముందురోజే వెనక వరసలో కూర్చుని చూడు. అందకపోతే కాగితం చీటీలే పంచు.

ఫారమ్ తయారవగానే ముందు నాకూ మీ అత్తకీ పంపు. మేమిద్దరం మా ఫోన్లలో నింపి, ఎక్కడ ఆగిపోయామో రాత్రికి చెప్తాం.

మీ మావయ్య