పాత పింఛను కోసం ఆగాలా? సీపీఎస్ ఉపాధ్యాయిని ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: తెలంగాణలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్‌ను. 2010లో ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు నాకు 46 ఏళ్లు. మూలవేతనం, డీఏ కలిపి నెలకు 80 వేల రూపాయలు వస్తాయి. ప్రాన్ ఖాతాలో (నా పేరున ఉన్న పింఛను ఖాతాలో) 24 లక్షలు ఉన్నాయి. మావారిది ప్రైవేటు ఉద్యోగం, ఆయనకు పింఛను రాదు. సీపీఎస్ (మన వాటా, ప్రభుత్వ వాటా నెలనెలా జమ చేసే కొత్త పింఛను విధానం) రద్దయి, చివరి వేతనంలో సగం దాకా ఇచ్చే పాత పింఛను వస్తుంది, తొందరపడవద్దని తోటి టీచర్లు అంటున్నారు. ఒక ఏజెంటు గారు మాత్రం నెలకు 10 వేల ప్రీమియంతో హామీ పింఛను పాలసీ తీసుకోమంటున్నారు. మా పాప ఇంజనీరింగ్ ఫీజుకు ప్రాన్ నుంచి కొంత తీద్దామనీ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారం మేడమ్. పాత పింఛను మాటను ముందు తేల్చుకుందాం. 2004 సెప్టెంబరు 1 నుంచి నియమితులైన వారందరినీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సీపీఎస్‌లో చేర్చింది. అప్పటి నుంచి రద్దు హామీలు వినిపిస్తూనే ఉన్నాయి. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో తెలంగాణలోనూ ఆ హామీ వచ్చింది. రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్ వంటి రాష్ట్రాలు పాత విధానానికి మళ్లినప్పుడు, అప్పటికే ఎన్‌పీఎస్‌లో (సీపీఎస్ సొమ్ము చేరే జాతీయ పింఛను వ్యవస్థలో) జమ అయిన సొమ్మును రాష్ట్రాలకు తిరిగి ఇచ్చే వీలు చట్టంలో లేదని కేంద్రం చెప్పింది. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో రద్దు హామీ చివరకు 2023లో జీపీఎస్ (గ్యారంటీడ్ పెన్షన్ స్కీమ్) చట్టంగా మారింది. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి తెచ్చిన ఏకీకృత పింఛను పథకం కేంద్ర ఉద్యోగులకు ఉద్దేశించినది, రాష్ట్రం స్వీకరిస్తే తప్ప మీకు వర్తించదు. మీ సంఘం పోరాటంలో మీరు తప్పక ఉండండి, కానీ ఇంటి లెక్కల పుస్తకంలో మాత్రం పాత పింఛను దగ్గర సున్నా వేయండి. రేపు అది నిజంగానే వస్తే, అదనంగా పొదుపు చేసినందుకు మీకు నష్టమేమీ ఉండదు.

ఇక సీపీఎస్ మీకు ఏమిస్తుందో చూద్దాం. మీ వాటా 10 శాతం, ప్రభుత్వ వాటా 10 శాతం కలిపి ప్రస్తుతం నెలకు 16 వేలు జమ అవుతోంది. మీ జీతం ఏటా సగటున 5 శాతం పెరుగుతుందనీ, నిధి 8 శాతం రాబడి ఇస్తుందనీ అనుకుంటే, 61వ ఏట మీరు పదవీ విరమణ చేసే నాటికి సుమారు 1 కోటి 46 లక్షలు చేరుతుంది. ఇది నా అంచనా మాత్రమే, ఎవరూ ఇచ్చిన హామీ కాదు. ఈ మొత్తంలో కనీసం 40 శాతంతో, అంటే దాదాపు 58 లక్షలతో, యాన్యుటీ (బీమా సంస్థకు ఒకేసారి సొమ్ము కట్టి నెలనెలా పింఛను పొందే పథకం) కొనడం తప్పనిసరి. 6 శాతం రేటు దొరికితే నెలకు 29 వేల పింఛను వస్తుంది. అదే 5 శాతం పెరుగుదలతో మీ చివరి మూలవేతనం, డీఏ కలిపి 1 లక్షా 66 వేల దగ్గర ఉంటుంది కనుక, పాత పద్ధతిలో పూర్తి సర్వీసు ఉన్నవారికి అందులో సగం, అంటే 83 వేల దాకా వచ్చి ఉండేది. పైగా దానిపై డీఆర్ (పింఛనుదారులకు ఇచ్చే కరవు భృతి) పెరుగుతూ పోయేది. యాన్యుటీ సాధారణంగా పెరగదు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే, ఆ 29 వేలకు పన్నెండేళ్ల తర్వాత సగం సరుకే వస్తుంది.

మిగిలిన 60 శాతం, సుమారు 87 లక్షలు, పన్ను లేకుండా ఒకేసారి మీ చేతికి వస్తుంది. చాలామంది టీచర్లు దీన్ని రిటైర్మెంటు బహుమతిగా చూస్తారు. పెళ్లి ఖర్చు, అబ్బాయికి ఫ్లాటు, ట్రిపుల్ ఆర్ (ప్రాంతీయ రింగు రోడ్డు) పక్కన వెంచర్‌లో రెండు ప్లాట్లు అనుకునేసరికి ఆ డబ్బు కరిగిపోతుంది. నిజానికి మీ పింఛనులో పెద్ద భాగం ఇదే. దీన్ని కదల్చకుండా పెట్టి, ఏటా 5 శాతం చొప్పున మాత్రమే తీసుకుంటే నెలకు 36 వేలకు పైగా వస్తుంది. యాన్యుటీతో కలిపి 65 వేలు దాటుతుంది. ఇప్పటి నిబంధనల ప్రకారం సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో ఒక్కొక్కరు 30 లక్షల వరకు పెట్టవచ్చు, మీ వారికి కూడా 60 నిండితే ఇద్దరూ పెట్టవచ్చు. ప్లాటు కొనకూడదని నేను అనను, కానీ నెలనెలా కిరాణా బిల్లు కట్టని ఆస్తిని పింఛను లెక్కలో వేయకండి.

అయినా పాత పింఛనుతో పోలిస్తే 17, 18 వేల లోటు మిగులుతుంది. దాన్ని ఇప్పటి నుంచే పూడ్చుకోవాలి. ఏజెంటు గారి పాలసీ దీనికి సరిపోదని నా అభిప్రాయం. ఇలాంటి హామీ పాలసీల్లో కట్టిన ప్రీమియాలనూ వచ్చే సొమ్మునూ తేదీలతో సహా లెక్కిస్తే, రాబడి చాలావరకు 5, 6 శాతం మధ్యే తేలుతుంది. మధ్యలో మానేస్తే కట్టిన దానిలోనూ కోత పడుతుంది. మీ ప్రాన్ నిధిలో ఎక్కువ భాగం ఇప్పటికే బాండ్లు, రుణపత్రాల్లో ఉంటుంది కనుక, పాలసీతో మీరు మళ్లీ అటువైపే బరువు పెంచుతారు. దానికి బదులు ఒక నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ సూచీలోని పెద్ద కంపెనీల షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్‌లో) నెలకు 7 వేలతో సిప్ (నెలనెలా పెట్టుబడి) మొదలుపెట్టి, ఏటా ఇంక్రిమెంటు వచ్చినప్పుడు 5 శాతం పెంచండి. సగటున 10 శాతం రాబడి వస్తే 15 ఏళ్లలో దాదాపు 35 లక్షలు అవుతుంది, లోటులో చాలా భాగం తీరుతుంది. షేర్ల మార్కెట్టు కొన్నేళ్లు కిందికే చూడవచ్చు కాబట్టి, 58వ ఏట నుంచి ఈ డబ్బును మెల్లగా డిపాజిట్లలోకి మార్చుకోండి. ఏజెంటు గారు చెప్పిన 10 వేలల్లో మిగిలిన 3 వేలను మీ వారి పేరున పీపీఎఫ్‌లో (ప్రజా భవిష్య నిధిలో) వేయండి, ఆయనకు వేరే ఆధారం లేదు కదా.

పాప ఫీజు విషయానికి వస్తే, ఉన్నత విద్యకు ప్రాన్ నుంచి పాక్షికంగా తీసుకోవచ్చు. అయితే తీసుకోగలిగేది 25 శాతం వరకే, అదీ మొత్తం నిల్వపై కాదు, మీరు సొంతంగా కట్టిన చందాపై మాత్రమే. కాబట్టి మీకు దొరికేది 2 లక్షల అటూ ఇటూ ఉంటుంది. ఈ 2 లక్షలు అక్కడే ఉంటే 8 శాతం లెక్కన 15 ఏళ్లకు 6 లక్షలు దాటుతాయి. బ్యాంకు విద్యా రుణం తీసుకుని, చదువు అయ్యాక పాప, మీరు కలిసి తీర్చుకోవడం మేలు. పాప చదువుకు అప్పు ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి, మీ రిటైర్మెంటుకు అప్పు ఇచ్చే బ్యాంకు ఏదీ లేదు.

ఈ నెలలోనే ఒక పని చేయండి. ప్రాన్ స్టేట్‌మెంటు తీసి, ప్రతి నెలా మీ వాటాతో పాటు ప్రభుత్వ వాటా కూడా పడిందో లేదో, డీఏ, పీఆర్సీ (వేతన సవరణ) బకాయిల్లోంచి కోసిన మొత్తాలు జమ అయ్యాయో లేదో పే స్లిప్పులతో సరిచూడండి. తేడా కనిపిస్తే డీడీఓ (జీతాల బిల్లులు చేసే అధికారి) గారికి రాతపూర్వకంగా ఇచ్చి, నకలుపై సంతకం తీసుకోండి, ఎందుకంటే ఆలస్యమైన ప్రతి నెలా మీ రాబడిలోంచే పోతుంది. నామినీగా ఎవరి పేరు ఉందో కూడా చూసుకోండి. పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరిన వారి ఖాతాల్లో ఇప్పటికీ నాన్నగారి పేరే ఉండటం నేను తరచూ చూస్తున్నాను.