రెఫరైన గుండెపోటు కేసు ఎవరి లెక్కలోకి?

ప్రశ్న: గుండెపోటు మరణాలపై థీసిస్ చేస్తున్నాను. మా పెద్దాసుపత్రికి వచ్చేవాళ్లలో చాలామంది ఆదోని, నంద్యాల ఆసుపత్రుల్లో చేరి, అక్కణ్నుంచి రెఫరై వచ్చినవారే. వీళ్లను కొత్త కేసులుగా రాసుకోవాలా, పూర్తిగా వదిలేయాలా?
– పీజీ విద్యార్థి, కర్నూలు

జవాబు: రెండూ కాదు. ఎన్ని ఆసుపత్రులు మారినా ఒక మనిషికి వచ్చిన ఒక గుండెపోటు ఒక్క కేసే. మొదటి ఆసుపత్రికి చేరిన సమయం నుంచే లెక్క మొదలుపెట్టాలి.

ఆదోనిలో 50 మంది చేరారనుకుందాం. ఐదుగురు అక్కడే పోయారు, 15 మంది కోలుకుని ఇంటికెళ్లారు, 30 మందిని కర్నూలుకు పంపారు. ఆ 30లో ముగ్గురు ఇక్కడ చనిపోయారు. ఆదోని రిజిస్టరు ఒక్కటే చూస్తే 50కి 5, అంటే 10 శాతం. రెఫరైనవాళ్లను తీసేస్తే 20కి 5, ఏకంగా 25 శాతం. రెండు రిజిస్టర్లు కలిపి అడ్మిషన్లు లెక్కబెడితే 80కి 8, మళ్లీ 10 శాతమే. మనుషుల్ని లెక్కబెడితే 50కి 8, అంటే 16 శాతం. మీ థీసిస్‌లో ఉండాల్సిన అంకె ఇదే. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ కూడా 30 రోజుల్లోపు మరణాన్ని మొదట చేర్చుకున్న ఆసుపత్రి ఖాతాలోనే వేస్తుంది. మళ్లీ అడ్మిట్ కావడాన్ని మాత్రం చివరికి ఇంటికి పంపిన ఆసుపత్రి ఖాతాలో వేస్తుంది.

అసలు తిప్పలంతా రెండు కేస్‌షీట్లను జతచేయడంలోనే. ఆభా నంబరు (ప్రభుత్వ ఆరోగ్య గుర్తింపు సంఖ్య) ఉంటే సరే. లేదంటే పేరొక్కదాన్నే నమ్ముకోవద్దు: అక్కడ ‘వెంకటేశ్వర్లు’, ఇక్కడ ‘వెంకటేశు’. అక్కడ 58 ఏళ్లు, ఇక్కడ 60. అక్కడ ఇచ్చింది కొడుకు ఫోను, ఇక్కడ అల్లుడిది. ఆడా మగా, ఊరు కలిసి, వయసు తేడా ఐదేళ్లలోపుండి, అక్కడ పంపిన రోజో మర్నాడో ఇక్కడ చేరితే జతచేయండి. రాత్రి పదకొండుకు బయల్దేరిన బండి చేరేసరికి తేదీ మారిపోతుంది, అందుకే మర్నాడు కూడా. రెఫరల్ చీటీని చేరిన రోజే ఫోటో తీసుకోండి. మొదటి ఈసీజీ సమయం, టెనెక్టెప్లేస్ (గడ్డ కరిగించే మందు) ఇచ్చిన సమయం ఉండేది దాని మీదే. వార్డు మారితే అది దొరకడం కష్టం.

‘లామా’ (డాక్టర్ల సలహాకు విరుద్ధంగా వెళ్లిపోయారు) అని రాసిన కేసుల్ని వదలొద్దు. అనంతపురం, హిందూపురం వైపు బెంగళూరుకు, కడప వైపు తిరుపతికి ఇంటివాళ్లే సొంతంగా తీసుకెళ్తే కేస్‌షీటులో అలాగే పడుతుంది. లెక్కకు అదీ బదిలీయే. 30వ రోజున ఫోన్ చేసి కనుక్కోండి. రెఫర్ చేశాక 108లో దారిలో పోయినవారు పెద్దాసుపత్రి అడ్మిషన్లలో కనబడరు. వాళ్లు మొదటి ఆసుపత్రి కేసులే.

ఇక ‘బదిలీ అయినవాళ్లు ఎక్కువగా బతికారు’ అని రాసే ముందు ఆగండి. మొదటి గంటలోనే పోయినవాణ్ని ఎవరూ అంబులెన్సు ఎక్కించరు కదా. అంటే బదిలీ గుంపులో ఉన్నవాళ్లంతా బండెక్కేదాకా ఎలాగూ బతికున్నవాళ్లే. కాక్స్ మోడల్‌లో (ఎవరు ఎంతకాలం బతికారో పోల్చే గణాంక పద్ధతి) బదిలీని కాలంతోపాటు మారే అంశంగా పెట్టండి: బండెక్కేదాకా గడిచిన గంటలు బదిలీకాని గుంపులోకి, ఆ తర్వాతవి బదిలీ గుంపులోకి.