యువ రచయితకు లేఖ: ఎంత, ఎన్నాళ్లు, ఎవరికి?

తార్నాక, హైదరాబాద్.

చిరంజీవికి ఆశీస్సులు.

మీ పెద్దమ్మ గారి మీద నువ్వు రాసి పంపిన వ్యాసం ఆసాంతం చదివానమ్మా. నీకు చెయ్యి తిరిగింది. వాక్యం ఎక్కడ ఆపాలో తెలుసు, అది చాలామందికి ఎన్నేళ్లు రాసినా పట్టుబడదు. పొగడ్త ఇంతటితో ఆపి అసలు సంగతికి వస్తాను.

జీవితమంతా టాక్సికాలజిస్టుగా, అంటే ఏ పదార్థం ఎంతైతే విషమో తేల్చే శాస్త్రవేత్తగా పనిచేసిన మనిషి గురించి అన్ని పేజీలు రాశావు. గాలిలో విషం, నీళ్లలో విషం, మామిడిపండులో విషం, మందుబిళ్లలో విషం. ఎంత అని మాత్రం ఒక్కచోటా లేదు. వ్యాసం మొత్తంలో ఒక్క అంకె లేదు. ఆవిడ ఉద్యోగం చేసినంత కాలం అడిగింది ఆ ప్రశ్నే కదా! ఎంత? ఏ దారిన ఒంట్లోకి పోయింది? ఎన్నాళ్లు? ఎవరికి? ఇవేవీ అడక్కుండా "ఇందులో విషం ఉంది" అనడానికి టాక్సికాలజిస్టు అక్కర్లేదు, వాట్సాప్ చాలు.

అమృతమైనా అతిగా తాగితే విషమేనని మన పెద్దవాళ్లు అనేవారు. పారసెల్సస్ అనే స్విస్ వైద్యుడు 16వ శతాబ్దంలో ఇంచుమించు అదే మాట రాసిపెట్టాడు. టాక్సికాలజీ పాఠాలు ఆయనతోనే మొదలవుతాయి. నువ్వు మాత్రం ఆయనతో మొదలుపెట్టకు, అందరూ పెట్టేశారు.

మామిడిపండు దగ్గరికి వద్దాం. నీ వ్యాసంలో బాగా తేలిపోయిన చోటు అదే. "రసాయనాలతో మాగబెట్టిన పళ్లు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. మీ పెద్దమ్మ గారైతే ముందు ఏ రసాయనం అని అడుగుతారు. కాయల మధ్య పొట్లాల్లో పెట్టే కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది, దాంతో కాయ రంగు తిరుగుతుంది. బజారులో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు ఉంటాయి. దాన్ని నిషేధించడానికి అదొక పెద్ద కారణం. ఇథిలీన్ సంగతి వేరు. మాగేటప్పుడు కాయ తనంతట తానే పుట్టించుకునే వాయువు అది. మాగబెట్టే గదిలో 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు) దాకా వాడుకోవచ్చని మన ఆహార భద్రతా సంస్థ అనుమతి ఇచ్చింది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే చదివేవాడికి భయం మిగులుతుంది తప్ప తెలివి పెరగదు.

అక్కడే ఇంకో ప్రశ్న ఉంది: కార్బైడ్ దెబ్బ అందరికన్నా ముందు ఎవరికి తగులుతుంది? సీజనంతా గోదాములో పొట్లాలు కట్టి, కాయల మధ్య సర్ది, ఆ గాలే పీలుస్తూ నిలబడే హమాలీకి. చెమట పట్టిన చేతికి కార్బైడ్ అంటితే చర్మం కాలుతుంది. అతని ఒంట్లోకి పోయేదీ, పండు కడుక్కుని తినే మన ఒంట్లోకి పోయేదీ ఒకటి కాదు. నీ వ్యాసంలో హమాలీ లేడు. బంగినపల్లి డజను కొనుక్కుని భయపడే నువ్వు ఉన్నావు.

లెక్కలు రాస్తే ఎవరు చదువుతారు అంటావేమో. నేను పత్రికలకు రాసే రోజుల్లో ఒక సబ్ ఎడిటర్ ఉండేవాడు. అంకె కనిపిస్తే చాలు, పాఠకుడు పేజీ తిప్పేస్తాడంటూ కొట్టేసేవాడు. ఆయనతో అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. అంకె ఎలా పుట్టిందో చెప్పకుండా పడేస్తేనే పాఠకుడు పారిపోతాడు.

అది పుట్టే తీరు చూడు. ఒక కొత్త పదార్థం వచ్చింది. ఎలుకల్ని గుంపులుగా విడదీసి, గుంపుకో మోతాదు చొప్పున 90 రోజులు పెడతారు. ఒక గుంపుకు ఆ పదార్థం అసలు పెట్టరు. చివరికి, హాని కనిపించని మోతాదుల్లో అన్నిటికన్నా పెద్దది ఏదో పట్టుకుంటారు. దాన్ని వాళ్లు నోఏఈఎల్ అంటారు. అది కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాములని తేలిందనుకో. ఎలుక మనిషి కాదు గనక పదితో భాగిస్తారు. మనుషులంతా ఒక్కలా ఉండరు గనక ఇంకో పదితో భాగిస్తారు. మిగిలేది 0.1. అంటే 50 కిలోల మనిషికి రోజుకు 5 మిల్లీగ్రాములు.

ఇంత తేలికా అనిపిస్తుంది. ఇప్పుడు ఆ పది పదుల 100 ఎక్కణ్ణించి వచ్చిందని అడుగు. 1954లో అమెరికా ఆహార, ఔషధ సంస్థకు చెందిన లేమన్, ఫిట్జ్‌హ్యూ అనే ఇద్దరు అప్పటికి తెలిసినంతలో ఇది చాలునని ప్రతిపాదించారు. మనుషులు కుదుర్చుకున్న అంకె అది. తర్వాత్తర్వాత సమర్థనలు సమకూరాయి, సవరణలూ వచ్చాయి. మందుల కంపెనీల లెక్కల్లో జంతువును బట్టి భాగిస్తారు: ఎలుకకు 5, కుక్కకు 2, చిట్టెలుకకు 12. కడుపులోని బిడ్డకు హాని కనిపించినా, అసలు నోఏఈఎల్ దొరక్కపోయినా ఇంకో పది దాకా భాగించవచ్చు. ఎంతతో భాగించాలో నిర్ణయించి కాగితం కింద సంతకం పెట్టేది మీ పెద్దమ్మ గారు. మూడు చాలా, పది కావాలా అని ఆవిడ తర్జనభర్జన పడిన సందర్భం ఒక్కటైనా ఉంటుంది. దాన్ని అడిగి రాబట్టు. నీ వ్యాసానికి నడుము అదే అవుతుంది.

ఆవిడ ప్రయోగశాల వదిలి మందుల కంపెనీలో చేరడాన్ని ఒక పతనంలాగా రాశావు. ఈ ధోరణి నాకు నచ్చలేదు. హైదరాబాద్‌లో టాక్సికాలజీ అనగానే తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ గుర్తుకొస్తాయి, న్యాయమే. కానీ ఈ ఊళ్లో ఈ చదువు చదివిన పిల్లల్లో చాలామందికి అన్నం పెట్టేది మందుల పరిశ్రమే. జీడిమెట్లలోనో బొల్లారంలోనో ఒకే రియాక్టరులో ఈ వారం ఒక మందు, వచ్చే వారం ఇంకో మందు తయారవుతాయి. కడిగాక గోడలకు మిగిలిన మొదటి మందు ఎంత దాకా ఉంటే రెండో మందు వేసుకునే రోగికి ఏమీ కాదు? ఐరోపా ఔషధ సంస్థ 2014లో మార్గదర్శకం తెచ్చిన దగ్గర్నించి, అక్కడికి మందులు పంపే ప్రతి కంపెనీ ఈ హద్దును టాక్సికాలజీ లెక్కతో చూపించాల్సిందే. ఆవిడ ఒక సున్నా అటూ ఇటూ చేస్తే ఎక్కడో ఊరూ పేరూ తెలియని రోగి మీద పడుతుంది. ఇందులో పతనం ఏముంది? జీతమిచ్చే కంపెనీ ఆ హద్దును కాస్త సడలించమని ఎప్పుడైనా అడిగిందా అన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్న. అడిగావా? అడిగినట్టు వ్యాసంలో కనిపించలేదు. నిర్మొహమాటంగా అడుగు, పెద్దమ్మే కదా.

2018 నాటి వల్సార్టాన్ గొడవను నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. నేనైతే మూడు పేజీలు రాసేవాణ్ణి. ఆ బీపీ మందులో ఎన్‌డీఎంఏ అనే, కేన్సర్ తెచ్చే అవకాశమున్న నైట్రోసమైన్ మలినం బయటపడింది, దేశదేశాల్లో బ్యాచ్‌లు వెనక్కి పిలిపించారు. దానికి పెట్టిన హద్దు రోజుకు 96 నానోగ్రాములు. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు. డెబ్బయ్యేళ్ల పాటు రోజూ అంత ఒంట్లోకి పోయినా, లక్షమందిలో ఒకరికి మించి అదనంగా కేన్సర్ రాకూడదన్న అంచనా మీద కట్టిన హద్దు అది. అదే సమయంలో నియంత్రణ సంస్థలు రోగులకు ఇంకో మాట కూడా చెప్పాయి: డాక్టరును అడక్కుండా మాత్ర మానేయకండి. ఎప్పుడో ఏళ్ల తర్వాత రావచ్చో రాకపోవచ్చో తెలియని కేన్సర్ ఒకవైపు, మాత్ర మానేస్తే ఈ వారమే పెరిగే బీపీ ఇంకోవైపు. రెండు ప్రమాదాల మధ్య బేరీజు వేయడమే ఈ వృత్తి. ఆ రోజుల్లో మీ ఇంట్లోనే ఎవరో ఒకరు బీపీ మాత్ర వేసుకుంటూ ఉండి ఉంటారు. ఆవిడ వాళ్లకేం చెప్పారు?

పటాన్‌చెరు గురించి రాసిన చోట "ప్రమాదకర స్థాయిలో మందుల వ్యర్థాలు" అన్నావు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రచురించారు. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఈ రెండు వాక్యాలు పెట్టి చూడు, నీ విశేషణం తనంతట తానే రాలిపోతుంది. అయితే ఒక చిక్కుంది. ఆ నీళ్లు ఎవరూ తాగరు. అక్కడి అసలు భయం, ఆ వాగుల్లో బతికే బ్యాక్టీరియా మందుకు లొంగకుండా తయారవడం. అది ఎలుక మీద చేసిన లెక్కలో దొరకదు. మీ పెద్దమ్మ గారి లెక్క ఎక్కడ ఆగిపోతుందో కూడా పాఠకుడికి చూపించు. ఆవిడ గౌరవం ఏమీ తగ్గదు.

ఎవరికి అన్న ప్రశ్నకు నల్గొండను మించిన ఉదాహరణ నాకు తెలియదు. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము ఉండొచ్చు, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన ప్రమాణం. బావిలో 3 ఉందనుకో. ఫ్యాను కింద కూచుని రెండు లీటర్లు తాగే గుమాస్తాకు 6 మిల్లీగ్రాములు పోతుంది. మే నెల ఎండలో పొలంలో అయిదు లీటర్లు తాగే కూలీకి 15. బావి ఒకటే, నీళ్లూ అవే. పైగా తిండిలో కాల్షియం తక్కువైతే ఎముకలకు ఫ్లోరైడ్ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఇవాళ నగరంలో ఉద్యోగాలు చేసుకునే వాళ్లలో ఎంతోమంది ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. మచ్చలు పడ్డ పళ్లను దాచుకుంటూ నవ్వే మనిషి నీ స్నేహితుల్లోనే ఉండొచ్చు.

ఇక ఏలూరు. 2020 డిసెంబరులో అక్కడ ఉన్నట్టుండి జనం మూర్ఛలతో పడిపోయారు. కొద్ది రోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రికి చేరారు. చాలామంది త్వరగానే కోలుకున్నారు. నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం, అన్నీ పరీక్షకు వెళ్లాయి. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. ఇక్కణ్ణించి వెళ్లిన పోషకాహార సంస్థ వాళ్లు పురుగుమందుల ఆనవాళ్లు చూశారు. నీ వ్యాసంలో మీ పెద్దమ్మ గారు టీవీ చూస్తూ "ఇది పురుగుమందే" అని తేల్చేసినట్టు ఉంది. నిజంగా అలా అన్నారా? నాకు నమ్మబుద్ధి కావడం లేదు. రక్తంలో ఒక పదార్థం దొరికినంత మాత్రాన జబ్బుకు అదే కారణం కాదు. పక్కింట్లో పడిపోని మనిషి రక్తంలో అది ఎంత ఉంది? ఆ మోతాదుకు మూర్ఛ వస్తుందా? వస్తే, ఒక్క పూటలో తేరుకునే మూర్ఛేనా? సీసం మామూలుగా నెలల తరబడి పేరుకుని చేటు చేస్తుంది, మరి ఆ వారాంతంలోనే అందరూ ఎందుకు పడ్డారు? ఆవిడ తరహా మనిషి టీవీ ముందు కూచుని వేసే ప్రశ్నలు ఇవి. దోషి దొరకని కథను దొరకనట్టే రాయి. డిటెక్టివ్ నవలకు అలవాటు పడ్డ పాఠకుడు విసుక్కుంటాడు, విసుక్కోనీ.

ల్యాబ్ వివరాలు తక్కువైనా నిక్కచ్చిగా ఉండాలి. ఎలుకల గది 22 డిగ్రీల దగ్గర ఉంటుంది, పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి. నోటుబుక్కులో తప్పు పడితే తెల్ల సిరా పూయరు. ఒకే గీత కొట్టి, కొట్టేసింది కనబడేలా ఉంచి, పక్కన పొట్టి సంతకం, తేదీ, కారణం రాస్తారు. స్టడీ ముగిశాక ఎలుకలన్నిటినీ చంపి అవయవాలు చూస్తారు, ఏ మందూ పెట్టని గుంపును కూడా. "శాక్రిఫైస్" అంటారు వాళ్లు. ఈ వాక్యం నువ్వు రాయలేదు. ఆవిడ చెప్పలేదా, నువ్వు దాచావా? ఉన్నదున్నట్టు ఒక్క వాక్యం చాలు, కన్నీళ్లు వద్దు. ఏ డిగ్రీలు చదివారు, ఏ పరీక్ష పాసయ్యారు అన్నది ఒక పేరాలో సర్దేయ్. బయోడేటా చదవడానికి ఎవరూ పత్రిక కొనరు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఏప్రిల్ నెలాఖరులో తెల్లవారకముందే బాటసింగారం పండ్ల మార్కెట్‌కు వెళ్లు. పొట్లాల్లో ఏముందో వ్యాపారిని కాదు, హమాలీని అడుగు. తర్వాత మీ పెద్దమ్మ గారి దగ్గర ఒక పూట కూచుని, ఆవిడ ఇష్టమొచ్చిన ఒక్క పదార్థానికి హద్దు ఎలా కడతారో కాగితం మీద చేయించుకుని చూడు. యూనిట్లన్నీ ఆవిడ చేతే సరిచూపించు. మైక్రోగ్రాము కాస్తా మిల్లీగ్రాముగా అచ్చయితే వెయ్యి రెట్లు తేడా, ఆ సవరణ వచ్చే సంచికలో ఎవరూ చదవరు. నీ అభిప్రాయాలు మాత్రం ఆవిడ చేత దిద్దించకు.

రెండో ప్రతి దసరా లోపు పంపు. కాగితం మీద పంపమ్మా, ఫోన్‌లో చదవడం నా కళ్లకు కుదరదు.

నీ శ్రేయోభిలాషి.