ప్యాకేజీ అడ్వాన్సుతో సింథసైజర్ కొనొచ్చా?

ప్రశ్న: నా వయసు 33, ఉండేది హైదరాబాద్. ఐటీ ఉద్యోగం మానేసి మూడేళ్ళయింది. సొంతంగా ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేసి ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంటాను. దాని మీద ఏడాదికి లక్షన్నర దాకా వస్తుంది. రెండు చిన్న సినిమాలకు రీరికార్డింగ్ (ఆర్‌ఆర్, అంటే నేపథ్య సంగీతం) చేశాను. ఇప్పుడు ఒక సినిమాకు ఐదు పాటలు, ఆర్‌ఆర్ కలిపి 22 లక్షల ప్యాకేజీ ఇస్తామంటున్నారు. గాయకులు, లైవ్ వాద్యాలు, మిక్సింగ్ ఖర్చులన్నీ నావే. అడ్వాన్స్ 6 లక్షలు. దాంతో మంచి అనలాగ్ సింథసైజర్ (ఎలక్ట్రానిక్ శబ్దాలు పుట్టించే వాద్యం), మానిటర్లు (స్టూడియో స్పీకర్లు) కొని, ఇంకో 5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని ఇంట్లో ఒక గదిని స్టూడియోగా మార్చాలని ఆలోచన. నా భార్య జీతం 55 వేలు, ఇంటి ఖర్చు 60 వేలు. 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. అప్పులు లేవు. నా నిర్ణయం సరైనదేనా?

జవాబు: ఈ 22 లక్షల్లో మీ పారితోషికం ఎంత? మీ ఉత్తరంలో నేను మొదట వెతికింది ఆ అంకె కోసమే. అది కనబడలేదు. ప్యాకేజీలో ఉన్న చిక్కే అది. పెద్ద మొత్తం చూడగానే అంతా మనదే అనిపిస్తుంది. నిజానికి అందులో గాయకుల డబ్బు, వయొలిన్ వాయించేవాళ్ళ డబ్బు, మిక్సింగ్ ఇంజినీరు డబ్బు ఉన్నాయి. సగం ఖర్చులకు పోతుందనుకుంటే మీకు మిగిలేది 11 లక్షలు. పని పది నెలల్లో పూర్తయితే నెలకు లక్షా పది వేలు పడ్డట్టు. చిన్న సినిమా రిలీజు వాయిదా పడి ఏడాదిన్నర సాగితే అదే నెలకు 61 వేలవుతుంది. ఈ రెండో లెక్కనే నమ్మి ఇల్లు నడపండి.

ఇక అడ్వాన్స్. 6 లక్షలన్నారు కానీ 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకునే పన్ను) పోగా చేతికొచ్చేది 5 లక్షల 40 వేలు. పాటల రికార్డింగే ముందు మొదలవుతుంది కాబట్టి ఖర్చు కూడా ముందే మీద పడుతుంది. ఈ డబ్బు సింథసైజర్‌కు పెట్టేస్తే గాయకులకు ఇవ్వడానికి రెండో వాయిదా కోసం ఎదురుచూడాలి. ఆ వాయిదా ఎప్పుడొస్తుందన్నది నిర్మాతకు ఫైనాన్స్ దొరకడం మీద ఉంటుంది. ఆయన టెన్షన్ మీ నెత్తికెక్కుతుంది.

పర్సనల్ లోన్ వద్దు. 14 శాతం వడ్డీకి మూడేళ్ళలో తీర్చేలా 5 లక్షలు తీసుకుంటే ఈఎంఐ 17 వేల పైమాటే. మీ భార్య జీతం ఒక్కటే లెక్కేస్తే మీ ఇంటి బడ్జెట్‌లో ఇప్పటికే నెలకు 5 వేలు తక్కువ పడుతోంది. అది 22 వేలకు పెరుగుతుంది. స్థిరమైన జీతం ఉన్నవాళ్ళకు కూడా అది బరువే. గదికి అకౌస్టిక్ ట్రీట్‌మెంట్ (ధ్వని ప్రతిధ్వనించకుండా గోడలకు చేసే ఏర్పాటు), ఒక జత మంచి మానిటర్లు, ఈ రెండూ అవసరమేనని ఒప్పుకుంటాను. గది సరిగా లేకపోతే లో ఎండ్‌లో (బేస్ శబ్దాల్లో) మీరు వినేది ఒకటి, థియేటర్‌లో మోగేది ఇంకోటి అవుతుంది. వీటికి మొదటి రెండు వాయిదాల్లో మీ పారితోషికం వాటా నుంచి మాత్రమే తీయండి. సింథసైజర్ కావాల్సిన రోజుల్లో అద్దెకు తెచ్చుకోండి. ఫైనల్ మిక్స్ ఎలాగూ బయట స్టూడియోలోనే చేయిస్తారు కదా.

"సామాన్లు కొంటే ట్యాక్స్ తగ్గుతుంది" అని ఎవరైనా చెప్పి ఉంటే, మీ విషయంలో అది కుదరదు. ఆదాయపు పన్ను నిబంధనల్లో 'ఫిల్మ్ ఆర్టిస్ట్' కింద సంగీత దర్శకుడు కూడా వస్తాడు. అందువల్ల అందరూ 44ఏడీఏ అని పిలుచుకునే ఊహాత్మక పన్ను విధానం మీకు వర్తిస్తుంది. రాబడి 50 లక్షల లోపు ఉంటే (నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా) అందులో సగాన్ని లాభంగా చూపితే చాలు, ఖాతా పుస్తకాల బాధ ఉండదు. కానీ మిగతా సగంలోనే సామాన్ల తరుగుదలతో సహా అన్ని ఖర్చులూ కలిసిపోయినట్టే. మీకు ప్యాకేజీ, సొంత సంగీతం కలిపి 23.5 లక్షలు, అందులో సగం 11.75 లక్షలు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి, వేరే ఆదాయం ఈ గీత దాటించకపోతే, ఆ మొత్తమంతా ఒకే ఏడాదిలో వచ్చినా పన్ను సున్నా. కోసుకున్న 2 లక్షల 20 వేల టీడీఎస్ రిటర్ను వేశాక తిరిగొస్తుంది. అయితే అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు, వాయిదాల లెక్కలో ఇది మరిచిపోవద్దు.

జీఎస్టీ సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. సేవలకు పరిమితి ఏడాదికి 20 లక్షలు. ప్యాకేజీ మొత్తానికి మీ పేరు మీదే బిల్లు వేస్తే ఆ గీత దాటుతారు. పాటల కాపీరైట్ నిర్మాతకో మ్యూజిక్ కంపెనీకో బదలాయించినందుకు తీసుకునే సొమ్ము మీద పన్ను రివర్స్ చార్జ్ కింద వాళ్ళే కట్టాలి. మిక్సింగ్, రికార్డింగ్ లాంటి పనుల మీద మాత్రం 18 శాతం మీ పేరున పడుతుంది. అగ్రిమెంట్‌లో "జీఎస్టీ అదనం" అన్న మాట లేకపోతే అది మీ జేబులోంచే పోతుంది.

అందుకే నా సలహా: ప్యాకేజీ ఒప్పుకోకండి. గాయకులకు, వాద్య కళాకారులకు, స్టూడియోలకు నిర్మాతే నేరుగా చెల్లించేలా అడిగి, మీ పారితోషికం 11 లక్షలకు విడిగా అగ్రిమెంట్ రాయించుకోండి. టీడీఎస్ సగమవుతుంది, జీఎస్టీ గీత దరిదాపుల్లోకి రారు, నిర్మాత "ఇంకో పాట కలుపుదాం" అన్నప్పుడు ఆ ఖర్చు ఆయన చూసుకుంటాడు. నిర్మాతలకు ప్యాకేజీ ఎందుకు ఇష్టమో కూడా ఇక్కడే అర్థమవుతుంది. వాళ్ళు ససేమిరా అంటే కనీసం వాయిదాలను పనికి ముడిపెట్టండి: అడ్వాన్స్, ఐదు పాటలు అప్పజెప్పినప్పుడు, ఆర్‌ఆర్ మొదలుపెట్టేటప్పుడు, ఫస్ట్ కాపీకి (పూర్తయిన సినిమా తొలి ప్రతికి) ముందు. చివరి వాయిదా ఖాతాలో పడ్డాకే ఫైనల్ మిక్స్, స్టెమ్స్ (వాద్యాలు, గొంతులు విడివిడిగా ఉన్న ట్రాకులు) ఇవ్వండి. రిలీజు తర్వాత ఇస్తామన్న బ్యాలెన్స్ కోసం తిరిగినవాళ్ళను మీరూ చూసే ఉంటారు.

మీరు అడగని విషయం ఒకటుంది, నా లెక్కలో సింథసైజర్ కంటే అదే పెద్దది. 2012 కాపీరైట్ సవరణ ప్రకారం సినిమాలోని మీ సంగీతాన్ని థియేటర్‌లో సినిమాతో పాటు వినిపించడం తప్ప ఇంకెక్కడ వాడినా రాయల్టీలో మీకు సమాన వాటా ఉంటుంది. ఆ హక్కు వారసులకూ కాపీరైట్ సొసైటీకీ తప్ప ఎవరికీ రాసివ్వలేరు, వదులుకున్నట్టు సంతకం చేసినా చెల్లదు. ఇందుకోసం రాజ్యసభలో గట్టిగా మాట్లాడినవారిలో గీత రచయిత జావేద్ అఖ్తర్ ఒకరు. ఈ రాయల్టీ వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీ ఐపీఆర్‌ఎస్ (ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ). ఇంకా సభ్యులు కాకపోతే ఈ వారమే దరఖాస్తు పెట్టండి. పాత రెండు సినిమాల ఆర్‌ఆర్ క్యూ షీట్లు, ఎక్కడ ఎంతసేపు ఏ సంగీతం వచ్చిందన్న పట్టికలు, నిర్మాతల దగ్గర తీసుకుని నమోదు చేయించండి. మొదట్లో వచ్చేది చిన్న మొత్తమే. కానీ సంగీతం మీద హక్కు మీ జీవితకాలమే కాదు, ఆ తర్వాత 60 ఏళ్ళుంటుంది. నామినీగా మీ భార్య పేరు ఇవ్వండి.

మీ సొంత ట్రాకుల్లో స్వరకల్పన, మాస్టర్ (అసలు రికార్డింగ్) రెండూ మీవే. దర్శకుడికి వాటిలో ఒకటి నచ్చి సినిమాలో పెడదామంటే ప్యాకేజీలో కలిపేయకుండా విడిగా లైసెన్స్ ఇవ్వండి. స్ట్రీమింగ్ మీద ఆశ పెట్టుకోకండి. స్పాటిఫైలో ఒక ట్రాకుకు 12 నెలల్లో వెయ్యి స్ట్రీములు రాకపోతే దానికి పైసా రాదు.

ఎఫ్‌డీ కదపొద్దు. అత్యవసరానికి ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి. అది 3 లక్షల 60 వేలు, ఇంకో 60 వేలు కలిపితే సరిపోతుంది. మీ భార్య కంపెనీ ఇన్సూరెన్స్ ఆమె ఉద్యోగం ఉన్నంతవరకే కాబట్టి 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా), మీ పేరున టర్మ్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ లేదు. పన్ను సున్నా అయినా ప్రతి ఏడాదీ రిటర్ను వేయండి. రేపు ఇంటి లోన్‌కు వెళ్తే జీతం స్లిప్పు లేని మీలాంటివాళ్ళను బ్యాంకు అడిగేది ఆ రిటర్నులనే (ఐటీఆర్).