బ్యాకప్ కాపీకి విడిగా లైసెన్సు కొనాలా?

ప్రశ్న: మాది ఒంగోలు. పదకొండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నేనూ ఒక మిత్రుడూ డైరెక్టర్లుగా చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ నడుపుతున్నాం. బయటి సంస్థలకు జీతాల లెక్కలు, జీఎస్టీ పని చేసిపెడతాం. ఆఫీసులో పదహారు ప్రాసెసర్ కోర్‌ల సర్వర్లు రెండున్నాయి. మొదటిదానికి విండోస్ సర్వర్ స్టాండర్డ్ కొన్నాం. దాని మీద మూడు విండోస్, రెండు లినక్స్ వర్చువల్ మెషీన్లు (ఒకే సర్వర్‌లో విడి కంప్యూటర్లలా పనిచేసేవి) నడుస్తున్నాయి. మూడో విండోస్ ఒక పాత సర్వర్‌లోది. ఆ డబ్బాను ఎస్పీ రోడ్డులో అమ్మేసి, లోపలి విండోస్‌ను వర్చువల్ మెషీన్‌గా మార్చుకున్నాం. ఈ మెషీన్లను నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పనిచేయదని మా సిస్టమ్స్ కుర్రాడు 60 రోజుల ట్రయల్‌ను గడువు తీరినప్పుడల్లా మళ్లీ ఎక్కిస్తుంటాడు. రోజూ రాత్రి బ్యాకప్ రెండో సర్వర్‌కు వెళ్తుంది. నెలకోసారి అక్కడే ఆన్ చేసి సరిచూస్తాం. పోయిన వారం ఒక ఏజెన్సీ మెయిల్ పంపింది. ప్రతి బ్యాకప్ కాపీకీ విడి లైసెన్సు చూపాలట, 7 రోజుల్లో వివరాలివ్వకపోతే చట్టపరమైన చర్యలట. 30 రోజుల బ్యాకప్‌లు, మూడు విండోస్‌లు, అంటే తొంభై లైసెన్సులా? పాత బ్యాకప్‌లు తీసేద్దామా? కుర్రాడి చేత ‘బాధ్యత నాదే’ అని కాగితం రాయించుకుందామని మా మిత్రుడంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, ఒక్క బ్యాకప్ కూడా తీసేయకండి. ఈ రాత్రి జరగాల్సిన బ్యాకప్‌ను కూడా ఆపకండి. మెయిల్ అందాక ఫైళ్లు చెరిపితే, లేని తప్పును మీరే తయారుచేసుకున్నట్టవుతుంది. కోర్టులో సాక్ష్యంగా రాకూడదని ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరం.

పైగా మీది కంపెనీ. కంపెనీల అకౌంట్స్ రూల్స్, 2014లో 3(5) నియమం ప్రకారం, ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే ఖాతా పుస్తకాల బ్యాకప్ మన దేశంలో ఉన్న సర్వర్‌లోనే ఉండాలి. 2022 వరకు ‘నిర్ణీత కాలానికోసారి’ అని ఉన్న మాటను ఆ ఏడాది ఆగస్టులో ‘రోజూ’ అని మార్చారు. మీ పుస్తకాలు ఆ మెషీన్లలోనే ఉంటే రోజువారీ బ్యాకప్ మీ బాధ్యత. దాన్ని మానమనే అధికారం ఏ ఏజెన్సీకీ లేదు.

ఇక తొంభై లైసెన్సుల లెక్క. కాపీరైట్ చట్టం, 1957లో 52(1)(ఎఎ) సెక్షన్‌ను మీరూ ఒకసారి చదవండి. సాఫ్ట్‌వేర్ కాపీ ఎవరి దగ్గర న్యాయంగా ఉందో వాళ్లు, అది పోకుండా, పాడవకుండా తాత్కాలిక రక్షణ కోసం మాత్రమే బ్యాకప్ కాపీలు చేసుకోవచ్చు. అది ఉల్లంఘన కాదని చట్టమే చెబుతోంది. డిస్కులో కదలకుండా పడి ఉన్న ముప్పై రాత్రుల ఇమేజ్‌లకు (మెషీన్ మొత్తానికి తీసిన కాపీలకు) ముప్పై లైసెన్సులు కొనాలనే వాదనకు ఈ సెక్షన్ ముందు నిలిచే బలం లేదన్నది నా అభిప్రాయం. ఈ విషయంలో జంకకుండా జవాబివ్వండి.

అయితే ఆ సెక్షన్‌లో మూడు మాటలు మీరు పట్టించుకోవాలి. ‘న్యాయంగా దగ్గరున్న కాపీ’, ‘రక్షణ కోసం మాత్రమే’, ‘ఏ పని కోసం ఇచ్చారో ఆ పనికే’. మీ అసలు చిక్కులు ఈ మాటల దగ్గరే ఉన్నాయి. మెయిల్ పంపినవాళ్లకు అవి ఇంకా తెలియవు.

ఎస్పీ రోడ్డులో అమ్మిన సర్వర్ సంగతి చూద్దాం. సర్వర్‌తోపాటు వచ్చిన విండోస్ ఓఈఎం లైసెన్సు అయివుంటుంది. బిల్లు తీసి చూడండి. అది ఆ డబ్బాకే కట్టిపడేసిన లైసెన్సు, ఇంకో మెషీన్‌కు మారదు. కోరమంగలలో నా క్లయింటు ఒకాయన, పాత సర్వర్ అమ్మేముందు దాని పక్కనున్న స్టిక్కర్‌ను హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి ఊడదీసి, తెల్లకాగితం మీద అంటించి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి బీరువాలో దాచాడు. ఆ స్టిక్కరే లైసెన్సని నిజంగా నమ్మాడు. మోసం చేసే ఉద్దేశం ఆయనకు లేదు. కానీ డబ్బా వెళ్లిపోయాక స్టిక్కర్ ఉత్త కాగితమే. మీ మూడో విండోస్‌దీ అదే పరిస్థితి. మూలమే న్యాయంగా మీది కానప్పుడు దాని బ్యాకప్‌కు కూడా 52వ సెక్షన్ రక్షణ దొరకదు. స్టాండర్డ్ లైసెన్సు కిందికీ అది రాదు, ఎందుకంటే సర్వర్‌లోని కోర్‌లన్నిటికీ స్టాండర్డ్ కొంటే రెండు విండోస్ వర్చువల్ మెషీన్లకే హక్కు వస్తుంది.

రెండోది, నెలకోసారి ఆన్ చేయడం. నిద్రలో ఉన్న కాపీ బ్యాకప్. ఆన్ చేసి లేపారంటే అది నడుస్తున్న సాఫ్ట్‌వేర్. కాసేపు సరిచూసుకోవడం కూడా రక్షణలో భాగమేనని నేను వాదిస్తాను, కానీ గెలుస్తానని మాటివ్వలేను. ఎందుకంటే మీరు ఒప్పుకున్న లైసెన్సు షరతులు విడిగా ఉన్నాయి. విండోస్ సర్వర్ లైసెన్సు ఫలానా సర్వర్‌కని కేటాయిస్తారు. హార్డ్‌వేర్ శాశ్వతంగా చెడిపోతే తప్ప 90 రోజుల లోపు దాన్ని ఇంకో సర్వర్‌కు మార్చకూడదు. విపత్తు కోసం పక్కన ఉంచుకునే సర్వర్‌కు హక్కు కావాలంటే సాఫ్ట్‌వేర్ అస్యూరెన్స్ (లైసెన్సుతోపాటు విడిగా డబ్బు కట్టి తీసుకునే మైక్రోసాఫ్ట్ పథకం) ఉండాలి. ఈ షరతులు సాఫ్ట్‌వేర్ కంపెనీని బట్టి మారుతాయి. ఒరాకిల్ డేటాబేస్ అయితే బ్యాకప్‌ను లైసెన్సు లేని కంప్యూటర్‌లో ఏడాదికి నాలుగుసార్లు, ఒక్కోసారి రెండు రోజులు మించకుండా పరీక్షించుకోనిస్తుంది. కాబట్టి పక్క ఆఫీసువాళ్లు చెప్పింది వినకండి, మీ ఒప్పందం తీసి చదవండి.

ఈ రెండు చిక్కులకూ ఒకటే మందు. మొదటి సర్వర్‌కే ఇంకో పదహారు కోర్‌ల స్టాండర్డ్ సెట్ కొనండి. అప్పుడు దాని మీద నాలుగు విండోస్ మెషీన్లకు హక్కు వస్తుంది. మూడో విండోస్‌ను కొత్త కీతో క్రమబద్ధం చేయండి. మిగిలిన నాలుగో చోటును పరీక్షకు వాడుకోండి. నెట్‌వర్క్ తీసేసి, బ్యాకప్‌లను ఒకదాని తర్వాత ఒకటి అక్కడ ఆన్ చేసి చూసి ఆపేయండి. రెండో సర్వర్‌లో విండోస్ ఏదీ ఆన్ కాకూడదు. తొంభై కొనాల్సిన పని లేదు, ఒక్క సెట్ చాలు. వాడేవాళ్ల సంఖ్యకు తగ్గ కాల్‌లు (సర్వర్‌ను వాడేవాళ్లకు కావాల్సిన యాక్సెస్ లైసెన్సులు) ఉన్నాయో లేదో కూడా ఆ చేత్తోనే చూసుకోండి.

ట్రయల్ విషయంలో మాత్రం మెత్తగా చెప్పలేను. ఈ వారమే మానేయండి. ట్రయల్‌ను ఇచ్చింది పరీక్షించి చూడటానికి, మీ క్లయింట్ల జీతాల లెక్కలు నడపడానికి కాదు. ఉల్లంఘన కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. ‘తెలిసి’ అన్న మాట గమనించండి. నిన్నటిదాకా తెలియదన్నా, ఇక అనలేరు. 2023 చివర్లో బ్రాడ్‌కామ్ చేతికి వచ్చాక వీఎంవేర్ శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది, ఇప్పుడు చందాయే. ఆ ఖర్చు మోయలేమనుకుంటే అదే పని చేసే ప్రాక్స్‌మాక్స్‌కు మారండి. అది ఓపెన్ సోర్స్, బ్యాకప్ సౌకర్యం దానిలోనే ఉంది, చందా కట్టడం మీ ఇష్టం. విండోస్ లైసెన్సు సర్వర్‌కు చెందినది కాబట్టి వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్ మారినా అది పోదు.

ఇప్పుడు ఏజెన్సీకి జవాబు. అంకెలు పంపొద్దు. సాఫ్ట్‌వేర్ యజమాని మీకిచ్చిన అధికార పత్రం పంపండి, ఏ ఒప్పందంలోని ఏ క్లాజు కింద తనిఖీ అడుగుతున్నారో చెప్పండి, అని రాయండి. రికార్డులు సర్దుకోవడానికి 30 రోజుల గడువు అడగండి. అబద్ధం ఒక్కటీ వద్దు. ‘అన్నిటికీ లైసెన్సులున్నాయి’ అని ధీమాగా రాసిన మెయిలే తర్వాత మెడకు చుట్టుకుంటుంది. అధికారం ఉందని తేలితే ఇన్వాయిస్‌లు, మెషీన్ల జాబితా ఇవ్వండి, అంతవరకే. వర్చువల్ మెషీన్ ఇమేజ్‌లు మాత్రం ఇవ్వకండి. వాటిలో మీ క్లయింట్ల ఉద్యోగుల పాన్ నంబర్లు, జీతాలు, బ్యాంకు ఖాతాలు ఉంటాయి. లైసెన్సులు లెక్కపెట్టడానికి వాటితో పని లేదు. ఒకవేళ కోర్టు నియమించిన కమిషనర్ వస్తే సంగతి వేరు. ఉత్తర్వు కాపీ తీసుకుని, అడ్డుపడకుండా, వెంటనే మీ లాయర్‌కు ఫోన్ చేయండి.

ఆఖరుది, కుర్రాడి చేత కాగితం. రాయించకండి. కంపెనీ నేరం చేస్తే, ఆ సమయంలో దాని వ్యవహారాలకు బాధ్యులైనవాళ్లందరూ దోషులేనని కాపీరైట్ చట్టం 69వ సెక్షన్ చెబుతోంది. అంటే ముందు మీరూ మీ మిత్రుడూ. మీకు తెలియదనో, తగిన జాగ్రత్త తీసుకున్నామనో రుజువు చేసుకుంటే తప్పించుకోవచ్చు, కానీ ట్రయల్ సంగతి మీకు తెలుసని మీ ఉత్తరమే చెబుతోంది. ఆ కాగితం మిమ్మల్ని కాపాడదు. మీ కళ్లముందే, మీ డబ్బు ఆదా చేయడానికి పనిచేసిన పిల్లవాడిని మాత్రం ఇరికిస్తుంది. రేపు ఆఫీసుకు వెళ్లగానే ట్రయల్ మళ్లీ ఎక్కించవద్దని మీ ఇద్దరి సంతకాలతో అతనికి రాతపూర్వకంగా చెప్పండి. అదే కాగితం మీద కొత్త లైసెన్సు సెట్ కొనుగోలుకు అనుమతి కూడా ఇవ్వండి.